పూత పదో రోజా, పదకొండో రోజా?

ఒక చిన్న లెక్క అడుగుతాను, చెప్పండి. 0.1ని పదిసార్లు కూడితే ఎంత? ఒకటే కదా అంటారు. పలక మీద ఒకటే. మామూలు 64 బిట్ల కంప్యూటర్‌తో డబుల్ ప్రెసిషన్‌లో వరసగా కూడించి చూడండి, 0.9999999999999999 దగ్గర ఆగిపోతుంది. అదే ప్రోగ్రామును పాత 32 బిట్ల ఇంటెల్ పద్ధతిలో, మొత్తాన్ని 80 బిట్ల రిజిస్టర్‌లోనే ఉంచి కూడిస్తే ఒకటిని వెంట్రుకవాసి దాటుతుంది. రెండు యంత్రాలూ బాగానే ఉన్నాయి. 0.1 బైనరీలో సరిగ్గా ఇమడదు, అంతే. ఆ ఇమడని ముక్కను ఒక్కో లెక్కింపు పద్ధతి ఒక్కో రకంగా సర్దుతుంది.

ఇంత చిన్న తేడాతో మనకేం పని అంటారేమో. పటాన్‌చెరు దాకా రండి. ఇస్నాపూర్, పాశమైలారం షిఫ్టు బస్సులు తిరిగే ఆ హైవే పక్కనే ఇక్రిశాట్ ఉంది, 1972లో పెట్టారు. 1983 మార్చిలో అక్కడ ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఒకచోటి సాగు అనుభవం మరోచోట పనికిరావాలంటే నేల గురించి, వాతావరణం గురించి, పంట గురించి కనీసం ఏమేం రాసిపెట్టుకోవాలి అన్నది చర్చ. ఆ కృషిలోంచే డీఎస్‌ఎస్‌ఏటీ అనే పంటల మోడల్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఫోర్ట్రాన్‌లో రాసిన ఆ ప్రోగ్రామును ఇవాళ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. మన జొన్న, మన వేరుశనగ అందులో ఉన్నాయి. ఆ గేటు ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లకు ఈ సంగతి తెలియాలని నాకు ఆశ.

ఇలాంటి మోడళ్లలో పూత ఎలా వస్తుందంటే, ఆ రోజు వేడిని బట్టి మొక్క ఎదుగుదల కొంత జమ అవుతుంది. జమ హద్దుకు చేరిన రోజు పూత. లెక్క తేలికవడానికి రోజుకు 0.1, హద్దు ఒకటి అనుకుందాం. ఒక యంత్రం మీద పదో రోజు పూస్తుంది. ఇంకోదాని మీద పదో రోజుకు హద్దు చేరనే లేదు, పదకొండో రోజు పూస్తుంది. ఆ ఒక్క రోజు వాన పడిందా, వడగాలి వీచిందా అన్నదాన్ని బట్టి తర్వాతి లెక్కంతా వేరే దారి పడుతుంది. పదహారో దశాంశంలో మొదలైన తేడా దిగుబడి పట్టికలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇలాంటి తేడా సిస్టమ్ లైబ్రరీ నుంచి కూడా రావచ్చు. లినక్స్‌లో లాగరిథమ్‌లు, ఘాతాలు, సైన్‌లు చూసుకునేది జీలిబ్‌సీ. 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వెర్షన్‌లో వీటిలో ముఖ్యమైనవాటిని కొత్తగా రాశారు. ఐఈఈఈ 754 ప్రమాణం కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఫలితాలు చివరి బిట్ దాకా సరిగా ఉండాలంటుంది. సైన్‌ను అంత కచ్చితంగా కట్టడి చేయదు. పైగా గుణకారాన్నీ కూడికనూ ఒకే అడుగులో చేసే ఎఫ్‌ఎంఏ సదుపాయం ప్రాసెసర్‌లో ఉందో లేదో చూసుకుని జీలిబ్‌సీ ఒక్కోచోట ఒక్కో కోడు నడుపుతుంది. ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్వెల్‌తో వచ్చింది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో మొదటి నుంచీ ఉంది, జీసీసీ కంపైలర్ దాన్ని అడగకుండానే వాడేస్తుంది. ఇక్రిశాట్ పొలాల్లో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఒకే విత్తనం రెండింటిలో ఒకేలా రాదని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ల దగ్గరికొచ్చేసరికి మనం అది మరిచిపోతాం.

లెక్కల్లోనే కాదు. 2010లో ఫెడోరా 14 అనే లినక్స్ వచ్చినప్పుడు కొన్ని కొత్త 64 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఫ్లాష్ వీడియోల శబ్దం పాడైంది. మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్ ఆ ప్రాసెసర్ల మీద వెనకనుంచి ముందుకు కాపీ చేయడం మొదలుపెట్టింది. మూలం, గమ్యం ఒకదానిమీద ఒకటి పడకూడదన్న నియమాన్ని ఫ్లాష్ ఎప్పటినుంచో తప్పుతోంది, అప్పటిదాకా బయటపడలేదు. తప్పు ఎవరిదైతేనేం, వాడుకునేవాడికి శబ్దం వినబడాలి కదా అన్నాడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. నేను ఆయన పక్షమే.

అందుకే ప్రోగ్రాము ఫలితాలను సరిచూసే టెస్టు ఆర్మ్ మీద ఫెయిలైతే చాలు, ఆర్మ్ మీద దాటవేయండి అని ఒక లైను రాసేస్తుంటే నాకు మనసొప్పదు. తేడా పరిమితిని పెంచేయడమూ అంతే. ముందు అదే యంత్రం మీద పాత లైబ్రరీతో నడపండి. తేడా పోతే లైబ్రరీది. పోకపోతే కంపైలర్‌లో ఎఫ్‌ఎంఏను వాడించే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఆపి చూడండి. ఫెయిలైన చివరి అంకె వెంట పడొద్దు. ప్రతి రోజు జమనూ హెక్సాడెసిమల్‌లో రెండు యంత్రాల మీదా అచ్చువేయించి, రెండూ విడిపోయిన మొదటి రోజు ఏదో పట్టుకోండి. బగ్ ఉంటే సాధారణంగా అక్కడే ఉంటుంది, ఫెయిలైన టెస్టుకు చాలా ముందు.

అదే హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్తే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. కంపైలర్ల మీద పరిశోధించే బృందం అక్కడుంది. రెండు అంకెలు ఎందుకు విడిపోయాయో అలాంటివాళ్లు చెప్పగలరు. పూత ఒక రోజు అటూ ఇటూ అయితే పరవాలేదా అన్నది మాత్రం పొలం చూసినవాళ్లనే అడగాలి. వాళ్లు సరేనంటే ఒక రోజు తేడా ఒప్పుకునేలా టెస్టు రాయండి, ఎందుకు ఒప్పుకున్నారో దాని పక్కనే రెండు వాక్యాలు పెట్టండి.