రుజువు ఎవరు చూపాలి?

భిలాయి-3లోని మా మేనమామ ఇంట్లో రాత్రి భోజనాల తర్వాత ఒక పాత వాదన తప్పక నడుస్తుంది. మావయ్య ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన నాస్తికుడు. దేవుణ్ణి అధికారికంగా కొట్టిపారేసిన సోవియట్ యూనియన్ 1955 ఒప్పందం ప్రకారం కట్టించిన కర్మాగారం అది. ఎదుట కూర్చునేది ఆయనతో పాటే శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడి, ఆదివారం చర్చి మానని స్నేహితుడు. "ఉన్నాడన్నది నువ్వు, రుజువు నువ్వే చూపాలి" అంటాడు మావయ్య. "లేడని అంత గట్టిగా చెబుతున్నావుగా, నువ్వు చూపవోయ్" అంటాడాయన.

ఇందులో నేను చాలావరకు మావయ్య పక్షమే. భూమికీ అంగారకుడికీ మధ్య కంటికి కనబడనంత చిన్న టీ కెటిల్ ఒకటి సూర్యుని చుట్టూ తిరుగుతోందని ఎవరైనా అంటే, అది లేదని నిరూపించే పని వినేవాళ్ళది కాదని 1952లో బెర్ట్రండ్ రసెల్ రాశాడు. అయితే "నాకు ఆధారం కనబడలేదు" అనడం వేరు, "లేనే లేడు" అనడం వేరు. రెండోది కూడా ప్రకటనే. దాని భారం దానికుంటుంది. మావయ్య ఆవేశం వచ్చినప్పుడు మొదటి దాని నుంచి రెండో దానికి చప్పున దూకుతాడు, స్నేహితుడు అక్కడే పట్టుకుంటాడు. నాస్తికత్వాన్నే తొలి మెట్టుగా తీసుకోవాలని 1970లలో వాదించిన ఆంటొనీ ఫ్లూ, 2004లో సృష్టికర్త ఉన్నాడనే వైపు మొగ్గాడు. ఆ పేరు మావయ్య ఎత్తనివ్వడు.

స్నేహితుడి అసలు ఆధారం తర్కం కాదు. "ఏసు నా తాగుడు మాన్పించాడు" అంటాడు. తాగుడు మానాడన్నది కాలనీ అంతా చూసిన నిజం. మాన్పించింది ఎవరన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఒప్పుకోవాలని ఆయన కోరితే రుజువు అడిగే హక్కు నాకుంది. కోరకపోతే అడగడానికి నేనెవరిని?

రాజ్యం మాత్రం అడుగుతుంది. 2025 జులై 25న, భిలాయి-3కి కొద్ది స్టేషన్ల దూరంలోని దుర్గ్ రైల్వేస్టేషన్‌లో, కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులనూ ఒక ఆదివాసీ యువకుణ్ణీ అరెస్టు చేశారు. బజరంగ్ దళ్ కార్యకర్తల ఫిర్యాదుతో మానవ అక్రమ రవాణా, మతమార్పిడి కేసులు పెట్టారు. వారి వెంట వెళ్తున్న యువతుల కుటుంబాలు మాత్రం తమ పిల్లలు ఇష్టపూర్వకంగానే ఉద్యోగాలకు బయల్దేరారని చెప్పాయి. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్ఐఏ కోర్టు బెయిలిచ్చేదాకా ఆ ముగ్గురూ జైల్లోనే ఉన్నారు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు. ఉమ్మడి మధ్యప్రదేశ్ 1968లో చేసిన చట్టమే ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది. దాన్ని సవాలు చేసింది రాయ్‌పూర్‌కు చెందిన ఫాదర్ స్టానిస్లాస్. ప్రచారం చేసుకునే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు లేదని 1977 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పుతో ఏకీభవించేవారు కూడా ఆగి చూడవలసిన మార్పు తర్వాత వచ్చింది. 2021లో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ చేసిన చట్టాలు, మార్పిడి మోసంతోనో బలవంతంతోనో జరగలేదని నిరూపించే భారాన్ని నిందితుల మీదే పెట్టాయి. నేరం మోపినవాడు రుజువు చూపాలన్న సూత్రం హత్య కేసులో ముద్దాయికి దక్కుతుంది. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుకు దక్కదు. మావయ్య భోజనాల బల్ల దగ్గర పట్టుబట్టే సూత్రం సరిగ్గా ఇదే కదా! అక్కడ దాన్ని ప్రయోగించే నాస్తికుడు ఇక్కడ మౌనంగా ఉంటే, ఆయన పట్టుదల తర్కం మీదా, క్రైస్తవుల మీదా అన్న అనుమానం నాకు కలుగుతుంది.

1968 చట్టంలో ఒక చిత్రం ఉంది. ఒక మతాన్ని వదిలి మరో మతాన్ని స్వీకరించడమే దానిలో మార్పిడి. కాబట్టి ఇదే వీధిలో ఒకాయన పూజ మానేసి ఏ దేవుడూ లేడని చాటుకుంటే కలెక్టరుకు తెలియజేయవలసిన పని లేదు. పక్కింటాయనకు బాప్తిస్మం జరిగితే, జరిపించినవాడు తెలియజేయాలి. మనసు మారింది ఇద్దరికీ. ఒక్కరి సంగతే ఫైలుకెక్కుతుంది.