తాండ్ర చాపల దగ్గర నా ముఖం

వేసవి సెలవుల గురించి గోడపత్రికకు రాయమని తెలుగు మాస్టారు చెప్పారు. వార్డెన్ మేడం గారు చదువుతారని తెలిసే ఇది రాస్తున్నాను. తిడితే తిడతారు.

మొన్న సంక్రాంతి తరువాత నేను తెల్లబడే క్రీము ఒకటి కొన్నాను. ఎక్కడ కొన్నానో రాయను. ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచి రోజూ రాత్రి రాసుకునేదాన్ని. నెల తిరిగేసరికి ముఖం నిజంగానే తెల్లబడింది. "కర్రిపిల్లా" అని పిలిచేవాళ్ళు మానేశారు. ఆ సంతోషం ఎలాంటిదో మీలో కొందరికి తెలుసు.

మాది రంపచోడవరం వైపు కొండ ఊరు. పిన్నీ బాబాయీ వేసవిలో ఆత్రేయపురం పనికి వెళతారు. ఈసారి నేనూ వెళ్ళాను. ఆ ఊరి పేరు చెప్పగానే అందరూ పూతరేకులు అంటారు. వాటిని నీడలో కూర్చుని, బోర్లించిన వేడి కుండ మీద తీస్తారు. మా పిన్నిది మామిడి తాండ్ర పని. అది ఎండ పని. తీపి కలిపిన మామిడి రసం చాపల మీద పూస్తారు. ఆరాక దాని మీద ఇంకో పూత, అదీ ఆరాక మళ్ళీ ఇంకోటి. ఎండ ఎంత మండితే తాండ్రకు అంత మంచిది. మనిషికి కాదు.

రెండో రోజుకే బుగ్గలు మంట. కాకినాడలో చదివే మా అక్క, పిన్ని కూతురు, తన రంగు సన్‌స్క్రీన్ ఇచ్చింది. అది పౌడరులా తెల్లగా కనబడదు, ముఖం రంగులోనే కలిసిపోతుంది. నేను బొట్టంత తీసుకుని రుద్దుకొని, పదింటి నుంచి మూడింటిదాకా చాపల దగ్గరే ఉన్నాను. సాయంత్రానికి ముఖం కందిపోయింది, ముక్కు పక్కన పొక్కులు లేచాయి. తప్పు అక్క క్రీముదే అనుకున్నాను.

బాబాయి రాజమండ్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముఖానికి ఏం రాస్తున్నావని ఆవిడ అడిగారు. అక్కదే చూపించాను. ఇంకేం రాస్తున్నావని మళ్ళీ అడిగారు. అప్పుడు రెండోదీ సంచిలోంచి తీశాను. (పిన్నికి అప్పుడే తెలిసింది. ఆ ముచ్చట వద్దులెండి.) ట్యూబు మీది సన్న అక్షరాలు చదివి, ఇందులో స్టెరాయిడ్ ఉందన్నారు. అది చర్మ రోగానికి మందు. రంగు కోసం నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎండ తగిలితే మండుతుంది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. 2018 నుంచి ఇలాంటివి చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదట. నన్ను చీటీ ఎవరూ అడగలేదు.

అక్క క్రీములో రంగు ఐరన్ ఆక్సైడ్. మన కొండ మట్టి ఎర్రగా ఉండేదీ దానివల్లేనని చెబితే నాకు నవ్వొచ్చింది, మా అమ్మ గోడలకు పూసేది ఆ ఎర్రమన్నే కదా! ఎండలో కంటికి కనబడని కిరణాలే కాదు, కనబడే వెలుగు వల్ల కూడా మనలాంటి వాళ్ళకు మచ్చలు ముదురుతాయి. ఆ వెలుగును అడ్డుకునేది ఈ రంగు. తెల్లగా మాత్రం చేయదు.

కానీ పూతరేకులా పలచగా రాస్తే పని చేయదు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే అది ముఖానికీ మెడకీ సరిపడా. బయటికి వెళ్ళే పావుగంట ముందు రాయాలి. చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, తాండ్ర పూతల్లాగే. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గకూడదు, తేదీ దాటకూడదు. పుండు మీదా పొక్కుల మీదా రాయకూడదు. కొత్తదైతే ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూసుకోవాలి. రాత్రి కడిగేయాలి. అలా రోజుకు మూడుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు పదిహేను రోజులు వస్తుందేమోనని పిన్ని లెక్క కట్టింది. ఆ డబ్బు మాకెక్కడిది? మర్నాటి నుంచి తలా బుగ్గలూ కప్పేలా తువ్వాలు చుట్టి, మిట్టమధ్యాహ్నం నన్ను పాకలో కూర్చోబెట్టింది. క్రీము ముక్కుకీ బుగ్గలకీ మాత్రమే, అదీ పొక్కులు మానాక.

స్టెరాయిడ్ ఒక్కసారిగా మానితే ముఖం ఇంకా మండవచ్చట. డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా మానాను. మూడు నెలలు పట్టింది. నా పాత రంగు వచ్చింది. "కర్రిపిల్లా" అని మళ్ళీ పిలుస్తున్నారు. కోపం రావటం లేదని అబద్ధం రాయను.

అదే ట్యూబు మన హాస్టల్లో ఇంకా ముగ్గురి దగ్గర ఉంది. పేర్లు రాయను. శనివారం నర్సమ్మ గారు వస్తారు. ట్యూబులు తీసుకుని రండి, నేనూ మీతో వస్తాను. మేడం గారూ, దయచేసి అప్పటిదాకా పెట్టెలు వెతకకండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని