పాత తుపాకియు లేడియు

ఆబిడ్సు చేరువనున్న గన్‌ఫౌండ్రీలో, 1795లో, నిజాము కొలువునందలి ఫ్రెంచి సేనాని రేమాండు ఫిరంగులను, గుండ్లను పోతపోయించెను. ఆ కాలపు వేటకాండ్రు సయితము ఇంటనే సీసము కరగించి గుండ్లు చేసికొని, సూరేకారము, గంధకము, బొగ్గుపొడి కలిపిన మందును గొట్టమున దట్టించి లేళ్లను కాల్చెడివారు.

ఒకనాడు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమున అట్టి తుపాకిని జూచి మా అమ్మాయి, “మరల మందు కూరువఱకు లేడి నిలుచునా?” యని యడిగెను.

“నిలువదమ్మా! గుఱి తప్పిన బ్రదుకును, సగము తగిలిన పొదలలోనికి పరుగిడి, బాధపడి చచ్చును” అంటిని. బిడ్డ మాటాడలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేట నిషిద్ధమైనది. వనస్థలిపురమున నిజాముల వేటపట్టు నేడు కృష్ణజింకల వనమై యున్నది. నాడే అమ్మాయిని అచటికి తీసికొని పోయితిని. జింకలు గంతులిడుట చూచిన పిదపగాని దాని మోము వికసింపలేదు. సోదరీమణులారా! మీరును పిల్లలతో పోయి రండు.