మంట ఆరిన పిదప

జ్వాలను చూచి వెనుకకు జరుగని మనుష్యుడు లేడు. అయినను కాలిన గాయములతో నాయొద్దకు వచ్చి నా జ్ఞప్తియందు నిలిచిపోయినవారు మంట తగిలినవారు కారు. మంట ఆరిన తరువాత వింత రంగేమియు లేక ఊరకున్న యినుమునో, రాగినో, రేకునో ముట్టుకొన్నవారు. ఇనుము చీకటిలో ఎఱ్ఱగా కనబడవలెనన్నను దాని వేడి 500 డిగ్రీలు దాటవలెను. చర్మము చెడుటకు 60 డిగ్రీలు చాలును. ఈ రెంటి నడుమనున్న తాపమంతయు కంటికి ఆననిది.

గ్యాసు బండ వచ్చి కట్టెల పొయ్యిని తఱిమివేసినదని పలువురు తలంతురు. 1999లో దీపం పథకము మొదలైన నాటినుండి వంటయింటి సంగతి కొంతవఱకు అట్లే యైనది గాని, గోపాలపట్నములో పెండ్లి వంటలకు నేటికిని గాడిపొయ్యి తవ్వుదురు. పెరటిలో సరుగుడు పుల్లలతో రాగి బాయిలరు కాగుచునేయుండును.

అట్టి బాయిలరు నొకదానిని ఏడాదిన్నర పిల్ల రెండు చేతులతో పట్టుకొన్నది. ఆ యీడు బిడ్డ తడబడినప్పుడు ఎదుట నున్నదానిని పట్టుకొనునేగాని వదలదు. నాయనమ్మ అరచేతులకు పళ్ళ పేస్టు దట్టముగా పూసి తెచ్చినది. దానిని కడిగి తీయుటకే మాకు చాలసేపు పట్టెను. కాలిన వెంటనే కుళాయి క్రింద ఇరువది నిమిషములు చేయి నుంచవలె ననియు, పేస్టును, పసుపును, మంచుగడ్డను దరికి రానీయవలదనియు నేను చెప్పని దినము లేదు. వినువారు కాలనివారు, కాలినవారు అంతకుముందు విననివారు.

ఆ పిల్ల తాతగారు యంత్రశాలలో పనిచేసి విరమించినవారు, ఏదైనను కొలిచిగాని నమ్మనివారు. తుపాకివలె గుఱిపెట్టి వేడిని చెప్పు పరికరము నొకటి సంపాదించి (జ్వరము చూచు తుపాకి యిందుకు పనికిరాదు, అది మనిషి వేడిని దాటి చెప్పలేదు) నన్ను పెరటిలోనికి పిలిచిరి. నీరున్న గోడ నీటికంటె మిక్కిలి వేడెక్కదు గనుక నూఱు డిగ్రీలకు అటునిటుగా నుండును. నీటికి దిగువన నిప్పు లుండు పట్టీకి అట్టి యడ్డు లేదు. చింతపండుతో తోమి తళతళలాడు పట్టీపై గుఱిపెట్టగా అంకె 50 దాటలేదు. అదే పట్టీపై జానెడు దూరమున మసిపట్టిన చోట 180 చూపినది. తాతగారు పరికరము చెడినదనుకొనిరి. అది చెడలేదు, వస్తువు వెలువరించు కిరణములను బట్టి అది లెక్కగట్టును, మెఱయు లోహము తన వేడిని స్వల్పముగా వెలువరించి పరిసరములను ప్రతిఫలింపజేయును. కావున కొలువదలచినచోట రూపాయి బిళ్ళంత మేర మసిని తోమక విడువవలెను, లేదా వేడికి ఓర్చు నల్లరంగు పూయవలెను. శుభ్రముగా నున్న పాత్రయే అబద్ధమాడుట నాకు ఒకింత వినోదముగా తోచినది.

1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు వేడికిని వ్యవధికిని గల సంబంధమును నిర్ణయించిరి: 44 డిగ్రీల వద్ద చర్మము చెడుటకు సుమారు ఆఱు గంటలు పట్టును, 60 వద్ద అయిదు సెకనులు. తాకిన వస్తువు సంగతియు చూడవలెను. ఒకే వేడిలో నున్నను మట్టి తన తాపమును చర్మమునకు మెల్లగా ఇచ్చును, లోహము ఒక్క పెట్టున క్రుమ్మరించును. హైదరాబాదులో ఎస్.పి. రాజుగారు 1953 నాటికి ప్రచారమునకు తెచ్చిన పొగలేని మట్టి పొయ్యి ఊపిరితిత్తులకు మేలు చేయుటకై పుట్టినదే గాని, మట్టి గోడ వలన చేతులకును మేలే యని నా యూహ.

ఆషాఢ పూర్ణిమకు ముందునాడు సింహాచలము తొలిపావంచ కడ కొబ్బరికాయ కొట్టి, కొండచుట్టు సుమారు 32 కిలోమీటర్లు నడచు జనము గోపాలపట్నము చేరుసరికి కాళ్ళు మొద్దుబారియుండును. అట్లు వచ్చిన యొక మధుమేహ రోగి, దారిప్రక్క పులిహోర వండి ముగించిన యువకులు ప్రక్కకు లాగిపెట్టిన యినుప పొయ్యిపై వట్టికాలు మోపెను. నొప్పి తెలియలేదు. వెనుక వచ్చు కొడుకు మడమ తోలు చూచి కేక వేసెను.

“మంట ఎప్పుడో ఆరిపోనాది బాబూ, కాలుతాదని ఏటి తెలుసు?” అని ఆ రోగి నాతో అనెను. స్పర్శజ్ఞానము నశించిన కాలికి, ఇతరులను కాపాడు ఆ తొలి క్షణపు నొప్పియే లేదు. ఆ పుండు మానుటకు దీపావళి దాటినది.

ఆ యువకులు మంచివారు. పొయ్యిపై చెంబెడు నీళ్ళు చల్లితిమనిరి. చల్లిన నీరు ఆవిరియై చల్లినవాని ముఖమునకే కొట్టును, పైపొర చల్లారినట్లుండి కొలది నిమిషములలో లోపలి వేడి మరల పైకి వచ్చును. కట్టెలు వెనుకకు లాగి, నిప్పులు తీసి తడి ఇసుకలో పోసి, ఇనుమును జనము నడువనిచోట నాలుగు ఇటుకల నడుమ నుంచి, ముట్టక దగ్గరగా చేయి పెట్టి చూచి, అప్పటికిని వేడి తగిలినచో ఒక మనిషిని అచ్చటనే కూర్చుండబెట్టుడని చెప్పితిని. “రాత్రంతా ఎవరు కూకుంటారు బాబూ?” అనిరి. మరుసటి యేడు ఇటుకలు మాత్రము పెట్టిరి.