ఊరికి తెలుసు, రిక్రూటరుకి తెలియొద్దూ!

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయిదో అమ్మాయిదో లింక్డ్‌ఇన్ పేజీ ఎప్పుడైనా చూశారా? పిల్లలు ఫోనులో తలదూర్చి కూర్చుంటే ఇన్‌స్టాగ్రామే అనుకుని కేకలేస్తాం. ఆ ఫోనులోనే నీలం రంగుది ఇంకొకటి ఉంటుంది. ఉద్యోగాలు ఇచ్చేవాళ్లూ వెతుక్కునేవాళ్లూ అక్కడ తారసపడతారు. 2003 మే నెలలో అమెరికాలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అప్పటికి ఆ కంపెనీకి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లే. మనవాడు కొన్నాడు కదా అని మన పిల్లలకేమీ రాయితీ లేదు లెండి.

రెడ్డిగూడెంలో ఉండేవాళ్లకి ఈ గొడవంతా ఎందుకంటారా? మన మండలంలో బీటెక్ చదివిన పిల్లలు లేని వీధి ఒకటి చూపించండి. మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కాలేజీ 1998 నుంచి ఉంది. నూజివీడులో ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. చదువు గుమ్మం ముందుకొచ్చింది గానీ ఉద్యోగం మాత్రం ఇంకా హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని ఉంది. అక్కడివాళ్లకి మన పిల్లలు కనపడాలంటే దారి ఈ లింక్డ్‌ఇన్ పేజీయే.

మా వీధి కుర్రాడొకడు మొన్న వేసవిలో వచ్చి, "బాబాయ్, కాస్త నా ప్రొఫైల్ చూడవా" అన్నాడు. చూశాను. పేరు కింద హెడ్‌లైన్‌లో కష్టపడే మనస్తత్వం ఉన్న ఉత్సాహవంతుడైన ఫ్రెషర్‌నని, మంచి అవకాశం కోసం ఎదురుచూస్తున్నానని ఉంది. కింద పరిచయంలో త్వరగా నేర్చుకుంటాడట, నలుగురితో కలిసిపోతాడట. పక్కింటి పిల్లదీ తీసి చూశాను. అక్షరం పొల్లుపోకుండా అదే. అందరూ కష్టపడేవాళ్లే, అందరూ కలిసిపోయేవాళ్లే! ఇంక రిక్రూటరు ఎవర్ని పిలవాలి, లాటరీ తీయాలా?

"ఏరా, ఇంతకీ నువ్వేం చేశావో ఎక్కడ రాశావు?" అన్నాను.

"చేసిందేముంది బాబాయ్, కాలేజీ ప్రాజెక్టేగా."

కదిలిస్తే అప్పుడు బయటపడింది. వీళ్ల నాన్న తోటల మీద మామిడికాయ కొని నున్న మార్కెట్టుకి తోలతాడు. ఏ తోటకి ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, కోత కూలి ఎంత, ఏ లోడు ఎన్ని టన్నులు తూగింది, కమీషన్ పోను చేతికెంత వచ్చింది, ఇదంతా చిత్తుకాగితాల మీద ఉండేది. వీడు కూర్చుని పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టాడు. ఇప్పుడు నాన్న ఫోనులోనే లెక్క చూసుకుంటున్నాడు. "మరి ఇది రాయలేదేంరా?" అంటే, "మామిడికాయల లెక్క రాస్తే నవ్వుతారు బాబాయ్" అన్నాడు.

మన పిల్లలకి పట్టిన జబ్బు ఇదేనండీ. చేసిన పని దాచుకుంటారు, అందరూ చెప్పే మాట మాత్రం పెద్దక్షరాల్లో పెడతారు. వాడు బుద్ధిమంతుడని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. వాణ్ణి ఎన్నడూ చూడనివాడు చదివే కాగితం మీద ఆ మాటకి విలువేముంటుంది? హెడ్‌లైన్‌కి 220 అక్షరాల దాకా చోటిస్తారు. "పైథాన్ డెవలపర్ | మామిడి వ్యాపారానికి లెక్కల యాప్ రాశాను, ఇంట్లో రోజూ వాడుతున్నాం" అన్నా ఇంకా బోలెడు మిగులుతుంది. రిక్రూటర్లు వెతికేది ఉద్యోగం పేరుతో, నైపుణ్యం పేరుతో కాబట్టి ఆ మాటలు అక్కడ ఉండి తీరాలి. పరిచయంలోనూ మొదటి రెండు మూడు వరుసలే పైకి కనపడతాయి, మిగతాది నొక్కితే తెరుచుకుంటుంది. అసలు సంగతి ఆ పై వరుసల్లోనే చెప్పేయాలి.

పేరు దగ్గరే ఇంకో తంటా. మన సర్టిఫికెట్ల మీద ఇంటిపేరు ముందు, ఆ వెనక వెంకట, నాగ, సాయి, దుర్గ... దేవుళ్లందరూ వరసగా. ఇక్కడేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండే గడులు. సర్టిఫికెట్‌లో ఉన్న వరసనే దించేస్తే, బెంగళూరు నుంచి ఫోన్ చేసినావిడ ఇంటిపేరు పెట్టి పిలుస్తుంది. వీడేమో తాతగారిని అడుగుతున్నారేమో అనుకుంటాడు. పిలిచే పేరు మొదటి గడిలో, ఇంటిపేరు రెండో గడిలో పెట్టించండి. స్పెల్లింగు మాత్రం సర్టిఫికెట్‌లోనూ పాన్ కార్డులోనూ ఎలా ఉందో అలాగే ఉండాలి, రెజ్యూమేలోనూ అదే. లేకపోతే ఉద్యోగం ఇచ్చాక, తీరా వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతుంది. పేజీ చిరునామా చివర వాళ్లే తగిలించే అంకెలు తీసేసి పేరు పెట్టుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇంటర్లో సరదాకి తెరిచిన, చివర 143 ఉన్న ఈమెయిలుని మాత్రం ఇక్కడికి తేవద్దని చెప్పండి, దణ్ణం పెడతాను.

ఫోటో అంటారా, అన్న పెళ్లి ఫోటోలోంచి కత్తిరించింది వద్దు. భుజం మీద ఎవరిదో చెయ్యి కనపడుతూ ఉంటుంది. ఆడపిల్ల ఫోటో పెడితే ఎవరెవరో చూస్తారని భయపడే తల్లిదండ్రులకి ఒక మాట. ఫోటో తన కనెక్షన్లకి, అంటే తను చేర్చుకున్నవాళ్లకి మాత్రమే కనపడేలా సెట్టింగు ఉంది. ఆ భయంతో పిల్ల పేజీయే మూయించడం అన్యాయం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను. ఉద్యోగం అనగానే మనం ఎవరికి చెబుతాం? బావగారికి, మేనమామకి, హైదరాబాదులో ఉన్న పెదనాన్న కొడుక్కి. "మావాడున్నాడు, చూస్తాడులే" అంటాం. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కన ఒక ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని పట్టుకుని, ఆ చెప్పినవాణ్ణి మీరు ఎన్నాళ్లకోసారి కలుస్తారని అడిగాడు. సగానికి పైగా, ఎప్పుడన్నా కలుస్తామన్నారు. అసలు ఎప్పుడో గానీ కలవం అన్నవాళ్లు ఇంకో పాతిక శాతం పైన. తరచూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది ఆరుగురిలో ఒకరికి. 1973లో ఆయన ఇది అచ్చువేశాడు. 2022లో 'సైన్స్' పత్రికలో లింక్డ్‌ఇన్ మీదే ఒక పరిశోధన వచ్చింది. 2 కోట్ల మంది పరిచయాలను ఐదేళ్ల పాటు చూశారు. మరీ దగ్గరివాళ్లకన్నా, కాస్త దూరపు పరిచయస్తులే కొత్త ఉద్యోగానికి ఎక్కువ పనికొచ్చారని తేలింది.

ఆలోచిస్తే వింతేమీ లేదు. పెదనాన్న కొడుక్కి తెలిసిన కబురు మనింటికి ఎలాగూ చేరుతుంది. చేరనిది, కాలేజీలో రెండేళ్లు ముందు చదివి ఇప్పుడు పుణెలో ఉన్న సీనియరు దగ్గరుంటుంది. అతను మనవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆదుకోనక్కర్లేదు. "మా టీంలో ఒక ఖాళీ ఉంది" అనే ఒక్క మాట చాలు. అయితే మీవాడెవరో అతనికి సరిగా గుర్తుండదు కాబట్టి ఆ పేజీ తీసి చూస్తాడు. అక్కడ కష్టపడే మనస్తత్వం అని ఉంటే మూసేస్తాడు. మామిడి లెక్కల యాప్ అని ఉంటే ఆగుతాడు, నవ్వుకుంటూనైనా ఆగుతాడు.

ఆ సీనియరుకి రాసేటప్పుడు "సార్ ప్లీజ్ రిఫర్ మీ సార్" వద్దు. ఏ కాలేజీ, ఏ బ్యాచ్, ఏం చేశాడు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడు, నాలుగు ముక్కల్లో చాలు. ఉద్యోగం ఇప్పించమంటే జవాబు రాదు గానీ, మీ టీంలో చేరేవాళ్లు ముందు ఏం నేర్చుకోవాలి అంటే చెప్పేవాళ్లు చాలామంది.

హైదరాబాదు అమీర్‌పేట సంగతి కూడా ఎత్తక తప్పదు. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని బాగుపడ్డవాళ్లు మన మండలంలో ఎందరో. కాదనను. కోర్సు అయ్యాక పక్కకి పిలిచి, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పే స్లిప్పులూ మేమే ఇస్తాం అనేవాళ్లూ అక్కడే తగులుతారు. మామిడి కొనేవాడు లోడు పైన పేర్చిన కాయ చూసి ధర చెప్పడు, చెయ్యి లోపలికి దూర్చి అడుగుకాయ తీస్తాడు. కంపెనీలూ అంతే చేస్తున్నాయి. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఏ నెలలో ఏ కంపెనీలో ఉన్నారో అక్కడ పడుతుంది. 2022లో యాక్సెంచర్ ఇండియా దొంగ పత్రాలతో చేరినవాళ్లను తీసేశామని బహిరంగంగానే చెప్పింది. లేని మూడేళ్లు రాసుకునేకన్నా ఉన్న మూడు నెలల పని వివరంగా రాసుకోవడం నయం.

ఇంకొకటి, గబగబా చెప్పేస్తాను. ప్రొఫైల్ బాగుంటే మోసగాళ్లకీ కనపడుతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగానికి ముందే డబ్బు అడిగేవాళ్లూ, టూరిస్టు వీసా మీద రమ్మనేవాళ్లూ ఎంత తీయగా మాట్లాడినా సరే, ఫోను పెట్టేయమనండి.

మా వీధి కుర్రాడు ఆ రాత్రే హెడ్‌లైన్ మార్చాడు. మర్నాడు వాళ్ల నాన్న ఎదురుపడి, "ఏంటన్నా, నా కాయల లెక్క ప్రపంచమంతా చూస్తుందంట?" అన్నాడు. కాస్త కంగారుగానే అడిగాడు పాపం. లెక్క చూపించరు, లెక్క రాసిన పద్ధతే చూపిస్తారని చెబితే నెమ్మదించి, "దాంట్లో కాయ కొనేవాళ్లు కూడా ఉంటారా?" అన్నాడు. ఉంటారు మరి, గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు, ఎగుమతిదార్లు, దుబాయిలో పళ్లు దించుకునేవాళ్లు. "అయితే మావాడితో నాకూ ఒకటి తెరిపిస్తాను, కోతలు మొదలవకముందే" అన్నాడు.