ముసలి కంప్యూటరుకు మరణశాసనం ఎవరు రాస్తారు?

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు నిలిపివేసింది. ఆ రోజు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. అయినా కోట్లాది యంత్రాలపై కాలం చెల్లినవన్న ముద్ర పడింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, కొద్ది మినహాయింపులతో, ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. 2017కు ముందు కొన్న డెస్క్‌టాప్‌లలో అత్యధికం ఈ గీత దాటలేవు. గీత గీసింది ఒక కంపెనీ. మూల్యం చెల్లించవలసింది మాత్రం పింఛను డబ్బుతో ఇల్లు నడుపుకునే మధ్యతరగతి.

ఈ ప్రశ్నను భిలాయి నుంచి చూడడం ఉపయోగకరం. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా పుట్టిన ఉక్కు పట్టణమది. అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, కొలిమి అంటే ఏమిటో ఆ ఊరికి తెలుసు. ఫర్నేస్ లోపలి అగ్నినిరోధక ఇటుకల పొర కొన్నేళ్లకు అరిగిపోతుంది. అంతమాత్రాన ఫర్నేస్‌ను తుక్కు కింద అమ్మరు. చల్లార్చి, పాత పొర తొలగించి, కొత్తది పేర్చి, మళ్లీ వెలిగిస్తారు. దాన్నే క్యాపిటల్ రిపేర్ అంటారు. అరిగిన భాగమేదో తెలిసినవారు మొత్తం యంత్రాన్ని నిందించరు.

ఈ వివేకం ఇంటి మూలనున్న డెస్క్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది. ఆ డబ్బా లోపల ఏముందో కొన్నవారికి ఎవరూ చెప్పకపోవడమే కారణం. నిజానికి అందులో పెద్ద మర్మమేమీ లేదు. దాన్ని ఒక తహసీల్దారు కార్యాలయం అనుకుంటే, ప్రాసెసర్ పని చేసే గుమాస్తా, ర్యామ్ అతని ముందున్న బల్ల, హార్డ్ డిస్క్ రికార్డు గది. ఫైలు ఆలస్యమైతే జనం గుమాస్తాను తిడతారు. పాత కంప్యూటర్లలో జాప్యం తరచుగా రికార్డు గదిది.

హార్డ్ డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. ఒక సన్నని చేయి వాటిపై అటూ ఇటూ కదులుతూ సమాచారాన్ని వెతుకుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు సుమారు వందసార్లు మాత్రమే అందుకోగలదు. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీ అదే పనిని వేలసార్లు చేస్తుంది. స్విచ్ వేశాక నాలుగైదు నిమిషాలు నిరీక్షింపజేసే యంత్రం ఎస్ఎస్‌డీ అమర్చగానే నిమిషంలోపే సిద్ధం కావడంలోని రహస్యం ఇదే. ఇక 4 జీబీ ర్యామ్ అంటే ఇరుకైన బల్ల. బ్రౌజరులో కొన్ని పేజీలు తెరిస్తే నిండిపోతుంది. మిగిలిన కాగితాలను కంప్యూటరు మళ్లీ రికార్డు గదికే పంపుతుంది, జాప్యం రెట్టింపవుతుంది.

దోషి ఎవరో తేల్చడానికి నిపుణుడు అక్కరలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ నూరు శాతం దగ్గరే నిలిచి, ప్రాసెసర్ ఖాళీగా ఉంటే లోపం డిస్క్‌ది. మెమరీ ఎప్పుడూ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదు. ప్రాసెసరే ఎడతెగకుండా పనిచేస్తుంటే వెనుక నడిచే అనవసర ప్రోగ్రాములనో, వైరస్‌నో అనుమానించాలి. వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మే నెల ఎండలు మండే ఊళ్లో, దుమ్ము పేరుకున్న ఫ్యాన్‌తో ఇది మామూలే.

వైద్యం కూడా ఖర్చు లేనిదానితో మొదలుకావాలి. ముందు ఫొటోలు, పత్రాలు వేరొక చోట భద్రపరచాలి. కంప్యూటరుతో పాటు తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాలి. కరెంటు తీసి దుమ్ము దులపాలి. ఆ తర్వాతే ఎస్ఎస్‌డీ, ఆపై ర్యామ్. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ఇమడదు కాబట్టి మదర్‌బోర్డు రకం చూసుకున్నాకే బజారుకు వెళ్లాలి. కృత్రిమ మేధ సర్వర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరిగాయి. అవసరం తేల్చుకోకుండా కొనడం మరింత ఖరీదైన పొరపాటు. మదర్‌బోర్డే పాడైనా, మరమ్మతు ఖర్చు కొత్త యంత్రం ధరను సమీపించినా పాతదాన్ని వదులుకోవడమే మంచిది.

డబ్బా బతికినా సాఫ్ట్‌వేర్ ప్రశ్న మిగులుతుంది. భద్రతా సవరణలు అందని యంత్రంలో బ్యాంకు లావాదేవీలు ప్రమాదకరం. టీపీఎం నిబంధన వెనుకా భద్రతా కారణాలున్నాయి. కానీ అసలు రాజకీయం ఇక్కడే ఉంది. విండోస్ 10కు 2026 అక్టోబర్ 13 దాకా అదనపు భద్రతా సవరణలు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డబ్బు చెల్లించాలి, లేదా సెట్టింగులను తన క్లౌడ్‌లో దాచుకోవడం వంటి షరతును ఒప్పుకోవాలి. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీశాక అక్కడివారికి ఆ షరతు సడలించింది. అదే కంపెనీ, అదే సాఫ్ట్‌వేర్. తేడా అడిగే గొంతులోనే ఉంది.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై 2022 జులైలో కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పునరుద్ధరించేవారిని గుర్తించినా, వాటి చూపు ప్రధానంగా చచ్చిన యంత్రాన్ని రీసైకిల్ చేయడం మీదే. బతికించే హక్కుకు అంతటి బలం ఇంకా రాలేదు. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ అనే స్వదేశీ వ్యవస్థ ఉన్నా, అది సామాన్యుడి ఇంటికి చేరలేదు.

భద్రతా సవరణలు ఏ తేదీ దాకా అందుతాయో అమ్మేనాడే పెట్టె మీద ముద్రించాలని చట్టం చెప్పవచ్చు. ప్రభుత్వ కార్యాలయాలు, పాఠశాలలు పాత కంప్యూటర్లను వేలం వేసే ముందు లోపమేదో పరీక్షించి నమోదు చేయాలని ఆదేశించవచ్చు. వీటికి బడ్జెట్ కేటాయింపుల కంటే రాజకీయ సంకల్పమే ఎక్కువగా కావాలి. అంతవరకూ, కొత్తది కొనమని దుకాణదారు సలహా ఇచ్చినప్పుడు, ఏ భాగం చెడిందని అడగడం వినియోగదారుడి వంతు.