ఆట ఇద్దరూ ఆడాలి... మరి కాపురం?

ఒంటి చేత్తో చప్పట్లు మోగవంటారు కదా. ఆ సామెతని గేమ్‌గా తీస్తే ‘ఇట్ టేక్స్ టూ’లాగే ఉంటుంది. దీన్ని ఒక్కరే ఆడదామంటే కుదరదు. మీ పక్కన కంప్యూటర్ ఆడిపెట్టే తోడు కూడా ఉండదు. రెండో మనిషి దొరికితేనే ఆట మొదలవుతుంది.

స్వీడన్‌లోని హేజ్‌లైట్ స్టూడియోస్ దీన్ని 2021 మార్చిలో విడుదల చేసింది. డైరెక్టర్ జోసెఫ్ ఫారెస్ గేమ్స్‌లోకి రాకముందు సినిమాలు తీసినాయన. ఆ ఏడాది ‘ద గేమ్ అవార్డ్స్’లో గేమ్ ఆఫ్ ద ఇయర్ దీనికే దక్కింది. ఇప్పటికి 2 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఇంత పేరున్న గేమ్‌లో లోపాలేముంటాయి అంటారా? ఉన్నాయి. అవి నాకు తెలిసింది మా అక్క వల్ల.

అక్క నిరుడు ఏడేళ్ల కూతురిని తీసుకుని నా ఫ్లాట్‌కి వచ్చేసింది. విడాకుల కేసు నడుస్తోంది. ఈ గేమ్ కథేమో విడిపోబోతున్న మొగుడూ పెళ్లాలది. ఆ సంగతి ముందే చెప్పాను. “పెట్టరా చూద్దాం, నాకంటే వాళ్ల కష్టం ఎంత గొప్పదో” అంది.

మే, కోడీ భార్యాభర్తలు. విడిపోతున్నామని కూతురు రోజ్‌కి చెప్తారు. ఆ పిల్ల అమ్మానాన్నల రూపంలో చేసుకున్న బొమ్మల్ని పట్టుకుని ఏడిస్తే, కన్నీళ్లు పడి వాళ్లిద్దరూ ఆ బొమ్మల్లోకి వెళ్లిపోతారు. మే చెక్కబొమ్మ, కోడీ మట్టిబొమ్మ. జానెడంత ఆకారాలతో షెడ్డు, చెట్టు, తోట, అటక అన్నీ దాటి తమ మామూలు శరీరాల్లోకి రావాలి. మే పాత్ర అక్క తీసుకుంది, కోడీ నేను.

ముందు బాగున్నవి చెప్తా. ప్రతి చాప్టర్‌లో చేతికి కొత్త సామాను వస్తుంది, అదీ ఇద్దరికీ వేర్వేరు. షెడ్డులో నా దగ్గర మేకులు, అక్క దగ్గర సుత్తి. నేను గోడకి మేకు కొడితే, అక్క దానికి సుత్తి తగిలించి ఊగుతూ అవతలికి దూకుతుంది. చెట్టులో నేను జిగురు చిమ్మితే తను అగ్గిపుల్ల పేల్చి అంటిస్తుంది. గడియారంలో నేను కాలాన్ని వెనక్కి తిప్పగలను, తను తన నకలుని ఒకచోట నిలబెట్టి మళ్లీ అక్కడికి మారిపోగలదు. ఎవరెంత మొనగాళ్లయినా రెండోవాళ్ల పని చేసిపెట్టలేరు. అందుకే నోరు తెరిచి మాట్లాడుకోవాల్సిందే. “ఒరేయ్ ఆగరా, మూడు అన్నాక కొట్టు” అనే మాట మా హాల్లో ఎన్నిసార్లు వినిపించిందో!

మధ్యలో ఇద్దరూ పోటీపడే 25 మినీ గేమ్స్ ఉన్నాయి. ఒకదాంట్లో కోడీ బొరియల్లోంచి తల బయటపెడుతుంటే మే సుత్తితో బాదాలి. కోర్టు వాయిదా నుంచి వచ్చిన రోజున అక్క దాన్ని వరసగా పదిసార్లు ఆడింది. నా తల వాచిపోయింది గానీ, చాలా రోజుల తర్వాత తను పగలబడి నవ్వింది.

ఇంకో మంచి విషయం ఖర్చు. ఆన్‌లైన్‌లో ఆడితే ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్లు ‘ఫ్రెండ్స్ పాస్’ ఉచితంగా దించుకోవచ్చు. ఊళ్లు వేరైనా ఇబ్బంది లేదు.

ఇక లోపాలు. చూడ్డానికి చిన్నపిల్లల బొమ్మలాటలా ఉంటుంది గానీ, కొత్తవాళ్లకి అంత సులువు కాదు. అక్క అంతకుముందు ఫోన్లో క్యాండీ క్రష్ తప్ప ఏమీ ఆడలేదు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూపు తిప్పాలి, ఈలోపు గెంతాలి. కష్టాన్ని తగ్గించుకునే సెట్టింగ్ లేదు. పడిపోయినా క్షణాల్లో మళ్లీ బతుకుతాం కాబట్టి సరిపోయింది. ఓపిక లేని జోడీ అయితే “ఇలా ఇవ్వు నేను చేస్తా” దగ్గరే గొడవ మొదలవుతుంది. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఫోన్లో ఆడదామంటే అక్కడికి రాలేదు.

అసలు తేడా కొట్టింది కథలో. (ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నా.) రోజ్‌కి ప్రాణమైన ఏనుగు బొమ్మ ఒకటుంటుంది. ఆ పిల్ల మళ్లీ ఏడిస్తే తమ శరీరాలు తమకొస్తాయని, అమ్మానాన్నలు ఆ ఏనుగుని ఈడ్చుకెళ్లి తోసేస్తారు. అది బతిమాలుతుంటే చెవి చిరుగుతుంది, కాలు ఊడుతుంది. ఇదంతా మన బటన్లతోనే చేయించారు. వద్దనే దారి లేదు. అక్క కంట్రోలర్ కింద పెట్టేసింది. “వీళ్ల అవసరం కోసం పిల్లని ఏడిపిస్తారా?” అంది. పాప నిద్రపోయింది కాబట్టి సరిపోయింది. రోజ్ ఏడ్చినా వాళ్లకి ఫలితం దక్కదు. అంత పని చేసినందుకు గేమ్ వాళ్లని గట్టిగా నిలదీయదు కూడా.

రెండోది డాక్టర్ హకీమ్. మీసాలున్న మాట్లాడే పుస్తకం. కలిసి పనిచేయండి, కలిసిపోండి అంటూ ప్రతి మలుపులో ఊడిపడుతుంది. వాళ్లు అడక్కుండానే బంధం అతకాలని తీర్మానించేస్తుంది. “అచ్చం మన పెదనాన్నలా ఉందిరా” అంది అక్క. ఆయన పెద్దల్లో కూర్చుని “చప్పట్లకి రెండు చేతులూ కావాలమ్మా, పిల్ల కోసమైనా సర్దుకో” అన్నారు. రెండో చెయ్యి ఏం చేసిందో అడగలేదు. ఈ పుస్తకం కూడా అడగదు. మేకు, సుత్తి కలిసి గోడ దాటినంత మాత్రాన కాపురం అతుక్కోదు కదా. చివరికి ఒక పాట, ఒక ముద్దుతో శాపం పోతుంది. అక్కడ అక్కకి నమ్మకం కుదరలేదు.

కానీ ఆ తర్వాత వచ్చిన సీన్‌కి తను కదల్లేదు. అంతా తన తప్పేనని ఉత్తరం రాసి రోజ్ ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. బస్టాప్‌లో దొరికిన పిల్లకి అమ్మానాన్నలు చెప్పేది ఒకటే, ఇందులో నీ తప్పేం లేదని. మర్నాడు పొద్దున జడ వేస్తూ అక్క తన కూతురికి అదే చెప్పింది. పాప వెనక్కి తిరక్కుండానే “నిజంగా?” అని అడిగింది. అంటే ఆ భయం తన లోపల ముందు నుంచే ఉంది. మాకెవరికీ తెలీదు.

కాబట్టి నా మాట ఇది. అక్కతోనో, ఫ్రెండ్‌తోనో, భార్యతోనో హాయిగా ఆడండి. పన్నెండు, పద్నాలుగు గంటల్లో ఒక్క నిమిషం బోర్ కొట్టదు. కానీ ఎవరైనా కాపురం బాగుపడుతుందని మీ చేతిలో ఈ గేమ్ పెడితే మాత్రం, హకీమ్ మాటలు స్కిప్ చేసేయండి. ఇంట్లో పిల్లలుంటే ఆ చివరి సీన్ మాత్రం వదలొద్దు.